శని వలయాల్లో మంచు దిబ్బలు

టెలిస్కోపులో శని వలయాలు నున్నగా గీసిన గీతల్లా కనిపిస్తాయి. వెడల్పు ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 2,80,000 కిలోమీటర్లు. మందం మాత్రం చాలాచోట్ల పది మీటర్లే! ఉన్నదంతా దాదాపు నీటి మంచే.

2004లో శనిని చేరిన కాసీని నౌక ఆ నునుపు వట్టి భ్రమేనని తేల్చింది. 2009 ఆగస్టులో శనిపై విషువత్తు వచ్చి, ఎండ వలయాలకు పక్కవాటుగా పడింది. సాయంత్రం పూట గులకరాయికి కూడా పొడుగు నీడ వచ్చినట్టే, ‘బి’ వలయం అంచున నీడలు సాగాయి. వాటిని బట్టి లెక్క కడితే, కొన్నిచోట్ల మంచు దిబ్బల ఎత్తు రెండున్నర కిలోమీటర్లు!

డాఫ్నిస్ సంగతి ఇంకా తమాషా. ఎనిమిది కిలోమీటర్ల ఈ బుల్లి చందమామ, వలయాల మధ్య ఉన్న 42 కిలోమీటర్ల సందులో తిరుగుతూ రెండు అంచుల్లోనూ అలలు లేపుతోంది.

ఇంధనం అయిపోవచ్చిన కాసీనిని 2017 సెప్టెంబరు 15న శని వాతావరణంలోకే పంపేశారు. అది తీసిన ఫొటోలు నాసా వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి, చూడండి.