బడి విడిచిన పిమ్మట
(మహాసభ విద్యావిషయక సమావేశమున గావించిన యుపన్యాసము)



విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు నన్నాజ్ఞాపించిరి. విద్యను గూర్చి మన మహాసభలలో ఏటేట ఉపన్యాసములు జరుగుచునే యున్నవి. పదియవ తరగతిలో నధికముగ మార్కులు గడించిన బాలబాలికలను వేదిక మీదికి పిలిచి, శాలువలు కప్పి, పతకములొసంగి, ఛాయాచిత్రములు తీయించుచున్నాము. ఇది మంచి యాచారమే. కాని నేడు నేను బడిలోని చదువును గూర్చి మాటలాడను. సాయంకాలము నాలుగున్నరకు బడి గంట కొట్టినది మొదలు ఇంట దీపము పెట్టు వేళ దాక గల రెండు గంటల కాలమును గూర్చి మాటలాడెదను. ఒక చిన్న ప్రైవేటు పాఠశాలలో చిరకాలముగ ఉపాధ్యాయుడనై యుండుటచే ఆ రెండు గంటలు నాకు బాగుగ తెలియును. మనము లెక్కలోనికి దీసికొననిదియు నదే.

ఈ సభకు వచ్చినవారిలో సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాలవారే మెండు. ఈ మూడూళ్ళును 2016వ సంవత్సరము దాక కరీంనగర్ జిల్లాలోనివే. ఆ యేట అక్టోబరు 11న క్రొత్త జిల్లాలేర్పడినప్పుడు సిరిసిల్ల యొక జిల్లాకు తానే ముఖ్యపట్టణమయ్యెను. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరెను. జిల్లాలు వేరైనను మన పిల్లల సాయంకాలములు వేరు కాలేదు. సిరిసిల్లలో బాలుడు బడినుండి వచ్చునప్పటికి తండ్రి మరమగ్గముల చప్పుడులో నుండును. అచ్చట పని రెండు జట్లుగ సాగును. పగటి జట్టు పండ్రెండు గంటలు, రాత్రి జట్టు పండ్రెండు గంటలు. సేటు నూలిచ్చును, ఆసామి మగ్గములు నడిపించును, కార్మికుడు నిలువుకాళ్ళమీద నుండును. 2017లో బతుకమ్మ చీరల నేతను ప్రభుత్వము సిరిసిల్లకొప్పగించినప్పుడు మగ్గములకు పని దొరకెనని అందరము సంతోషించితిమి. ఆ దినములలో బడికి వచ్చి పిల్లల చదువు విచారించు తీరిక మాత్రము ఏ తండ్రికిని లేకపోయెను. కోరుట్ల, జగిత్యాలలలో తల్లి ఒడిలో చాట యుండును. చాటలో తునికాకు, పొగాకు, దారపుకండె. తండ్రి ఎడారి దేశమున నుండును, వానితో మాట సెల్‌ఫోనులోనే.

బాలిక పుస్తకముల సంచి మూలబెట్టి తల్లి సరసను కూర్చుండి ఆకు కత్తిరించును; లేదా చుట్టిన బీడీలను కట్టకు ఇరువదియైదు చొప్పున లెక్కించి దారము వేయును. బాలుడు కండెలు చుట్టును. తల్లి నేమనగలము? వేయి బీడీలకింత యని కూలి లభించు నింట ఆ చిన్ని వ్రేళ్ళ సాయమునకు ఖరీదు కలదు. 2016లో బాలకార్మిక చట్టమును సవరించినప్పుడు సయితము, ప్రమాదకరములగు పనులు తప్ప తక్కిన యింటి వృత్తులలో, బడి వేళలు గడచిన పిమ్మటను సెలవుదినములందును పిల్లలు కుటుంబమునకు తోడ్పడవచ్చునని మినహాయింపు వ్రాసిరి. బడి విడిచిన పిమ్మటి కాలము మీద శాసనకర్తల చూపు పడినది, తల్లిదండ్రుల చూపు పడినది. దానిమీద చూపు పడనివారము ఉపాధ్యాయులమును, కులపెద్దలమును.

పడలేదని యనుట సరికాదు. ఒకసారి పడెను, పడి చెరుపు చేసెను. ఆ కథ దాచక చెప్పెదను, తప్పు నాదే గనుక. కొన్ని యేండ్ల క్రిందట మా యూరి బడులన్నియు ఒకదానితో నొకటి పోటీపడి సాయంకాలపు చదువుగంటలు పెట్టినవి. ఆరవ తరగతి పిల్లవానికే ఐ.ఐ.టి. పునాది యని పేరుపెట్టి ఫీజు కొనుచుండిరి. మేము వెనుకబడితిమేని పిల్లలు వేరు బడికి పోవుదురను భయముచే నేనును ఏడు గంటల దాక చదువుగంట పెట్టించితిని. తల్లిదండ్రులు మెచ్చుకొనిరి. రెండు మాసములు గడచెను. ఏడవ తరగతి బాలుడొకడు ప్రతిదినము ఆరు గంటలకు బల్లమీద తల వాల్చి నిద్రించుచుండెను. నేను రెండుమారులు లేపితిని, మూడవమారు కొట్టితిని. వాడు ఏడ్వలేదు. “సార్, నేను పొద్దున నాలుగింటికే లేచి కండెలు చుట్టి వస్తున్న” అని మాత్రమనెను. సాయంకాలపు పనికి వేళ లేకుండ నేను చేసితిని గనుక ఆ పని తెల్లవారుజామునకు జరిగినది. నేను వానికిచ్చినది చదువు కాదు, వాని నిద్ర నపహరించితిని. ఆ మాసాంతముననే చదువుగంట మాన్పించితిని. కొందరు పిల్లలు మా బడి విడిచి పోయిరి. పోయిన ఫీజు నేటికిని జ్ఞాపకమున్నది.

చదువుగంటను తీసివేసిన తరువాత ఆ వేళ నేమి చేయవలెనో నాకు తోచలేదు. తోచినది మన కులము చలువవలననే. మార్కండేయ పురాణమును, భావనారాయణ ఋషి కథను పటము విప్పి చెప్పు కూనపులివారిని ఈ సభలోని వృద్ధులెరుగుదురు. వారు పద్మశాలీల నాశ్రయించి జీవించిన కథకులు. చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసిన నిడుపాటి పటమును విప్పుచు ఒక్కొక్క బొమ్మ చూపి కథ చెప్పుదురు. మనమా పోషణ చాలవరకు మానుకొంటిమి. మా బడికి ఒక కూనపులి కథకుని పిలిపించి సాయంకాలము కథ చెప్పించితిని. వచ్చినవారు నలుబదిమంది పిల్లలు. పులినెక్కిన భావనారాయణుని బొమ్మ వచ్చినప్పుడు వారి నోట మాట లేదు. మరునాడు పిల్లలే పాత చీరగుడ్డ తెచ్చి, గంజి పెట్టి, ఎండబెట్టి, తమ పటము తాము వ్రాయబూనిరి. వారు వ్రాసినది పురాణము కాదు. సిరిసిల్ల మగ్గపు చావడి, నూలు మూటలు మోయు ఆటో, చాట ముందర కూర్చున్న తల్లి, విమానమెక్కుచున్న తండ్రి. బొమ్మ క్రింద కథను పిల్లలే వ్రాసి, చదివి, పాడిరి. అందులో అక్షరదోషములు మెండుగ నుండెను. వారే కొట్టివేసి మరల దిద్దుకొనిరి. నేను ఎఱ్ఱసిరాతో దిద్దిన నోటుపుస్తకమును ఏ బాలుడును అంత శ్రద్ధగ మరల చూడలేదు.

ఇంకొక సంగతి. తరగతిలో పాఠము పైకి చదువుమన్న గొంతు పెగలని బాలిక యొకతె యుండెను. బీడీకట్టలు లెక్కించుటలో ఆమెను మించినవారు లేరు. బతుకమ్మ దినములలో ఆడుపిల్లలను బడి ఆవరణమున ఆడనిచ్చినప్పుడు ఆ బాలికయే పాట యెత్తుకొనెను, తక్కినవారందరు వంతపాడిరి. అమ్మమ్మ నేర్పిన పాట. ఒక్క చరణము తప్పిపోలేదు. మరునాడు ఆ పాటను నల్లబల్లమీద వ్రాసి, చదువుమంటిని. తనకు కంఠస్థమైన మాటలే గనుక వ్రేలు పెట్టి ఒక్కొక్క యక్షరము గుర్తించి చదివెను. ఆమె నిశ్చయముగ చదివిన మొదటి తెలుగు పాఠమదే. అప్పటికామె యెనిమిదవ తరగతిలో నున్నది. ఎనిమిదేండ్ల ఫీజు మేము తీసికొనియుంటిమి.

ఇందులో నేను క్రొత్తగ కనిపెట్టినదేదియు లేదు. సిరిసిల్ల ప్రాంతమందలి హనుమాజీపేటలో 1931లో జన్మించిన డాక్టరు సి. నారాయణరెడ్డిగారి బాల్యము తలచుకొనుడు. నాటి నిజాం రాజ్యమున పెద్దచదువు ఉర్దూలో నడచెను. వీధిబడి దాటి సిరిసిల్లలో, పిదప కరీంనగరములో చదివిరి. పట్టపరీక్ష దాక వారి చదువు ఉర్దూ మాధ్యమముననే సాగెను. మరి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమునకు పాత్రమైన తెలుగు వారికెచ్చట అబ్బెను? ఊరిలో రాత్రివేళ జరిగిన హరికథలు, జంగమకథలు, జానపదుల పాటలు విని తాము కవితపట్ల ఆకర్షితులమైతిమని వారే పలుమారు చెప్పుకొనిరి. బడి యీయని భాషను సాయంకాలమిచ్చెను. నేడు మన పిల్లలకు బడి ఇంగ్లీషులో నడచుచున్నది. నాడు హరికథ యుండెను, జంగమకథ యుండెను, చిరుతల రామాయణము కొరకు నెలల తరబడి సాధన చేయు యువకులుండిరి. నేడు ఆ స్థానమున సెల్‌ఫోను వచ్చి కూర్చున్నది. దానిని నేను తిట్టను; తండ్రి ముఖము పిల్లలకు కనబడునది దానిలోనే గదా.

కోరుట్లవారు మన్నింతురేని ఒక్క మాట. పూర్వము చేతికాగితమునకు పేరొందిన ఊరు కోరుట్ల. అక్కడి కాగితము మీద లెక్కలు, దస్తావేజులు వ్రాసికొనిరి. అట్టి ఊరిలో సయితము పాఠ్యపుస్తకము తప్ప మరియొక కథల పుస్తకము చేతబట్టని పదియవ తరగతి విద్యార్థులను నేను చూచితిని. జగిత్యాలవారికిని ఈ మాట వర్తించును. చిత్రకారుడుగ మొదలిడి కవియై, 1993లో చిన్న వయసుననే గతించిన అలిశెట్టి ప్రభాకరు పుట్టినూరది. వాని పేరెరిగిన పిల్లలెందరని ఒక తరగతిలో నడిగితిని. లేచిన చేతులు రెండు.

ప్రైవేటు పాఠశాలయనగా నేడు ఫీజు, బస్సు, మెడపట్టీ జ్ఞప్తికి వచ్చును. వెనుకటి అర్థము వేరు. నిజాం కాలమున ప్రభుత్వానుమతి లేనిదే ఖాంగీ బడి నడుపరాదను కట్టుబాటుండెను. దానిని సడలింపుడని ఆంధ్రమహాసభ పలుమారు కోరెను. ఆ మహాసభ నాలుగవ సమావేశము 1935లో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను జరిగినది ఈ సిరిసిల్లలోనే. ఆ పెద్దలకు బడియు గ్రంథాలయమును ఒక్క పనియే. పగలు చదువు చెప్పిన చోటనే సాయంకాలము పత్రిక చదివి వినిపించిరి. ఆ రెండవ సగమును మనము వదలుకొంటిమి. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రతి పాఠశాలకు ఆటస్థలము, కథల పుస్తకములతోకూడ గ్రంథాలయము, ఆటవస్తువులు ఉండవలెను. అద్దె మేడలలో నడచు మావంటి చిన్న బడులలో ఆటస్థలమెచ్చట? మేడమీది డాబాయే మా ఆటస్థలము. కబడ్డీ యాడిన మోకాళ్ళు పగులును. బంతి యాడిన బంతి వీధిలో పడును.

“ఆటపాటలు కూడు పెట్టునా?” అని పెద్దలు కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. కష్టించి ఫీజు కట్టువానికి అట్లడుగు హక్కు కలదు. నేను కూడు పెట్టునని ప్రమాణము చేయను. కాని సిరిసిల్ల నేతగాడు నల్ల పరంధాములుగారు అగ్గిపెట్టెలో నిముడు చీర నేసినప్పుడు మనమందరము గర్వించితిమి. అది ఏ పాఠ్యప్రణాళికలోను లేదు. చేయి, కన్ను, ఓపిక, ఒకటి క్రొత్తగ చేసి చూడవలెనను తహతహ, ఇవి యుండినవి. ఈ తహతహ పిల్లలకు పుట్టుటకు కొంత ఖాళీ వేళ కావలెను. మనము వారికది యిచ్చుట లేదు.

తల్లుల భయములు రెండు. చీకటిపడి ఆడుపిల్ల యిల్లు చేరుట యెట్లు, ఇంటిపనికి లోటు రాదా అనునవి. మేము వారమునకు మూడు దినములే పెట్టుకొంటిమి, ఆరింటికే ముగించితిమి. వీధివారీగా జట్లు కట్టి పెద్ద తరగతి పిల్లలు చిన్నవారిని దిగబెట్టిరి. ఒక జట్టుతో ఉపాధ్యాయురాలు పోయెను. తక్కిన దినములు తల్లివి. ఈ యేర్పాటును తల్లులలో పెక్కురు ఒప్పుకొనిరి. కొందరొప్పుకొనలేదు, వారిని నేను బలవంతపెట్టలేదు.

ఇక బహుమతుల మాట. సంఘనిధినుండి ఈ సంవత్సరము పతకముల సంఖ్య పెంచవలెనని ప్రతిపాదన వచ్చినదని వింటిని. నా విన్నపము వేరు. పతకము పొందు బాలుడెట్లును చదువును. పతకములను ఉన్నన్ని ఉండనిండు. పెంచదలచిన సొమ్మును ఈ మూడూళ్ళలోను సాయంకాలమునకు వెచ్చింపుడు. క్రొత్త కట్టడమక్కరలేదు. మన కులభవనములకు విశాలమైన హాలులున్నవి, విద్యుద్దీపములున్నవి, పంకాలున్నవి. ముహూర్తముల దినములు తప్ప సంవత్సరమంతయు వానికి తాళము. వారమునకు మూడు సాయంకాలములు ఆ తాళము తీయుడు. మన పిల్లలకే యని కాదు, ఆ వీధి పిల్లలందరికి తీయుడు. కథల పటము ముందర కులమడుగుట తగదు. రెండు బీరువాల పుస్తకములు, కొన్ని రంగులు, చదరంగపు బల్లలు, ఒక డోలక్కు, కబడ్డీకి చాపలు, పాటయో బొమ్మయో నేర్పువారికి నెలకింత గౌరవవేతనము. దాని లెక్క వ్రాసి తెచ్చితిని. అధ్యక్షులవారి బల్లమీద నున్నది. పెద్దలు తీరికగ చూచి, అధికమని తోచినది కొట్టివేయవచ్చును.

మా యూరి కులభవనపు తాళపుచెవి ఎవరి యొద్ద నున్నదని నిన్న విచారించితిని. ముగ్గురు ముగ్గురి పేర్లు చెప్పిరి. ఆ ముగ్గురును ఈ సభలో నున్నారు. సభ ముగిసిన తరువాత నేను ద్వారమువద్ద వేచియుందును.