మనమున్న ఊరి అందము



నగర జీవితమునందు, గృహములందు, ప్రయాణములందు సౌందర్యమెట్లు గోచరించునో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. సౌందర్యమనగానే మనకు గోదావరి గట్టు, విశాఖ సముద్రము, అరకు లోయ జ్ఞప్తికి వచ్చును. బిలాసపురము జ్ఞప్తికి రాదు. ఏలయన మనము దీనిని కొలువున్న ఊరుగా చూచితిమే గాని బ్రదుకుచున్న ఊరుగా చూడలేదు. నేడు నేను మనవి చేయదలచినది ఈ యొక్క సంగతియే.

మనవారిక్కడి కెట్లు వచ్చిరో ఒకపరి స్మరింతము. బెంగాల్ నాగపూరు రైల్వే కంపెనీ 1887లో ఏర్పడెను. 1891 నాటికి నాగపూరునుండి బిలాసపురము మీదుగా ఆసన్‌సోలు వరకు దారి పడెను. తరువాత తూర్పు కోస్తా రైల్వే ఉత్తర భాగమును ఆ కంపెనీ చేతిలోనికే వచ్చుటతో విశాఖ, శ్రీకాకుళ ప్రాంతములవారికి ఖరగపూరు, బిలాసపురము, నాగపూరు ఒకే యింటి గదులవంటి వయ్యెను. రాయపూరు, విజయనగరముల నడుమ దారి పూర్తియైన పిమ్మట రాకపోకలు మరింత సులభమయ్యెను. ఈ ఊరు 1955లో ఆగ్నేయ రైల్వేలో చేరినది. 2003 ఏప్రిల్ 5 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యస్థానమైనది. తాతలు ఆవిరి యంత్రములకు బొగ్గు వేసిన చోట మనుమలు విద్యుత్తు బండ్లు నడుపుచున్నారు. ఇన్ని తరములు గడచినను, "మీ దేయూరు?" అని అడిగినచో మనమింకను పాలకొండ యనియో, బొబ్బిలి యనియో చెప్పుదుము. అది తప్పు కాదు. కాని ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఊరేది?

మనము విసుగుతో చూచెడి ఈ స్టేషనును విశ్వకవి కావ్యమునకు వస్తువుగా గైకొనెను. రవీంద్రనాథ ఠాకూరు 1918లో వెలువరించిన "పలాతక" యను సంపుటమున "ఫాఁకి" యను కవిత కలదు. ఆ మాటకు వంచన యని యర్థము. రోగపీడితయైన బిను అను ఇల్లాలు గాలిమార్పునకై భర్తతో బయలుదేరి, బండి మారుటకు బిలాసపురమున ఆరు గంటలు వేచియుండవలసి వచ్చును. భర్తకది వృథాకాలము. అత్తవారింటి నాలుగు గోడలు దాటి యెరుగని ఆమెకు మాత్రము దారిన కనబడిన ప్రతి వస్తువును వింతయే, పండుగయే. రుక్మిణి యను కూలివాని భార్య తన కూతురి పెండ్లికి ఇరువదియైదు రూపాయలు కావలెనని చెప్పుకొనగా, ఇమ్మని బిను భర్తను కోరును. అతడు చాటుగా రుక్మిణిని గద్దించి రెండు రూపాయలిచ్చి పంపివేయును. రెండు నెలలకు బిను కన్నుమూయును. ఆ ఋణము తీర్చుకొనుటకు భర్త మరల ఇచ్చటికి వచ్చి వెదకును. రుక్మిణి జాడ తెలియదు.

ఈ కథలో మనకు రెండు పాఠములు గలవు. స్టేషను ఒక్కటే, చూచిన కన్నులు రెండు విధములు. ఇది మొదటిది. రెండవది ఇంతకన్న పెద్దది. అందమును చూచిన హృదయము ఎదుటివారి కష్టమును గూడ చూచును. బిను చూడగలిగినది, అందుచేతనే ఇవ్వగోరినది. మన ప్లాట్‌ఫారములమీద నేటికిని రుక్మిణులు పెక్కురు కలరు.

ఇక గృహముల మాట. క్వార్టరు మనది కాదనుకొని గోడకొక పటమైనను తగిలింపక, పెరటిలో ఒక మొక్కయైనను నాటక, "విశ్రాంతి తీసికొన్న పిదప సొంత ఇల్లు కట్టుకొని అన్నియు అమర్చుకొందము" అని ముప్పదియేండ్లు గడుపువారు కలరు. బ్రదుకులో మేలిభాగము గడచినది ఆ క్వార్టరులోనే కదా! మనకు ముందున్న వారెవరో నాటిపోయిన కరివేపచెట్టు ఆకుతోనే మన చారు ఘుమఘుమలాడుచున్నది. బదిలీపై పోయిన ఆ యిల్లాలు మన పేరెరుగదు. మనమును పేరెరుగనివారి కొరకొక చెట్టు నాటవలదా? వేకువనే వాకిట కళ్ళాపి చల్లి ముగ్గుపెట్టు మన స్త్రీలు ఈ కాలనీకి చేసిన అలంకారము ఏ ఇంజనీరును చేయలేదు.

ఊరు దాటి పోవలెనన్న వ్యయప్రయాస లక్కరలేదు. కట్నీ దారిలో ఖోంగ్‌సరా దాటగానే సాలవృక్షముల అడవి, భన్వర్ టోంక్ కొండలు, సొరంగము కన్నుల పండుగ చేయును. పెండ్రా రోడ్డున దిగినచో నర్మద పుట్టిన అమరకంటకము చేరువ. రతన్‌పూరు మహామాయ గుడి మనకు ఇరువదియైదు కిలోమీటర్ల దూరముననే కలదు. బొగ్గు బండ్ల లెక్కలలో మునిగి, ఈ దారులను పటములోని గీతలుగా మాత్రమే ఎరిగినవారు మనలో ఎందరో!

ఊరిలోనే చూతము. దేవోత్థాన ఏకాదశి తరువాత యాదవులు గవ్వలు, నెమలిపింఛములు ధరించి, కఱ్ఱలు చేబూని సాగించు రావుత్ నాచ్ చూచితిరా? ఇచ్చటి బియ్యపుపిండి చీలాను రుచి చూచినవారికి మన అట్టు జ్ఞప్తికి రాకమానదు. వరి పండించు జనులు ఎచ్చటనున్నను బంధువులే. అర్పా నదియు మనకు పరాయిది కాదు. ఆ నీరు శివనాథ్‌లో కలిసి, మహానదిగుండ సాగి బంగాళాఖాతము చేరును. విశాఖ తీరమును తాకు కడలియు అదియే. కాని వేసవిలో ఆ నది ఇసుకమేటయై, చెత్తకు నెలవై యుండుట చూచినచో మనసు కలుక్కుమనును. అందమును కోరువాడు దానిని కాపాడు పూచీని గూడ వహింపవలెను.

మాఖన్‌లాల్ చతుర్వేది స్వాతంత్ర్యోద్యమకాలమున ఈ ఊరి కారాగారమునందుండియే "పుష్ప్ కీ అభిలాషా" అను గీతమును రచించెనని ప్రసిద్ధి. చెరసాలలో పువ్వును భావింపగలిగిన చోట, స్వేచ్ఛగా తిరుగు మనకు ఏమి కొరత?

కావున నా ప్రార్థన ఒక్కటే. ఈ సంవత్సరము ప్రతి కుటుంబమును క్వార్టరులో ఒక మొక్క నాటవలెను. పిల్లలతో ఈ సీమలో ఒక్క చోటునైనను చూచి రావలెను. పొరుగున నున్న ఛత్తీస్‌గఢీ కుటుంబమును ఒక పండుగకు పిలువవలెను. తెలుగును ఇంట నిలుపుకొనుటయు, ఈ మట్టిని ప్రేమించుటయు పరస్పరము విరుద్ధములు కావు. కన్నతల్లిని మరువని బిడ్డయే పెంపుడుతల్లి ఋణమును గూడ తీర్చగలడు.