లోకసభ నియోజకవర్గము – దాని పొలిమేరలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రామ లెక్కలు వ్రాయువాడు ఎచ్చట నోరు విప్పినను హద్దులను గూర్చియే మాటాడునని మీరు నవ్వుకొందురు. నేడును నేనదియే చేయబోవుచున్నాను. అయితే ఈ హద్దు చేనిగట్టుది కాదు, మన ఓటుది.

ఆదోని పేరిట ఒక లోకసభ స్థానముండెడిదని నేటి యువకులలో అనేకులెరుగరు. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగిన నాటికి ఆదోని, ఆలూరు తాలూకాలు మదరాసు రాష్ట్రమున బళ్లారి జిల్లాలోనివి. మన ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలోని ఊరే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడినప్పుడు ఈ రెండు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరినవి. రాయదుర్గము అనంతపురము జిల్లాకు పోయెను. బళ్లారి మైసూరు రాష్ట్రమునకు దక్కెను. 1957 ఎన్నికలకు ఆదోని క్రొత్త లోకసభ నియోజకవర్గమై వెలసెను. శ్రీ పెండేకంటి వెంకటసుబ్బయ్యగారు 1957, 1962 ఎన్నికలలో ఇచ్చట గెలుపొందిరి. 1967 ఎన్నికల నాటికి ఆ పేరు జాబితాలో లేదు. ఊరు కదలలేదు, కొండ కదలలేదు. కాగితముమీది గీత కదలినది.

2008 నాటి ఉత్తర్వు ననుసరించి కర్నూలు లోకసభ స్థానమున కర్నూలు, పత్తికొండ, కోడుమూరు, ఎమ్మిగనూరు, మంత్రాలయము, ఆదోని, ఆలూరు అను ఏడు శాసనసభా స్థానములు చేరినవి. ఇందు మంత్రాలయము 2009 ఎన్నికలతో క్రొత్తగా వచ్చినది.

గీత ఎటు పోయిన మనకేమి అని కొందరందురు. తుంగభద్ర దిగువ కాలువను చూడుడు. అది హోసపేట ఆనకట్టకడ పుట్టి, బళ్లారి సీమను తడిపి, తరువాతనే మన పొలములకు వచ్చును. ఆ నీటి పంపకము చూచు తుంగభద్ర బోర్డు 1953లో ఏర్పడినది. దాని అధ్యక్షుని నియమించునది కేంద్రప్రభుత్వము. రెండు రాష్ట్రముల నడుమ నీటి మాట ఢిల్లీలో అడుగవలసినవాడు లోకసభ సభ్యుడే. కాలువ చివరి రైతులెందరు ఒకే నియోజకవర్గమున నుందురో, వారి గొంతు అంత బలముగా నుండును.

చేనికి కొలత గొలుసుతో. నియోజకవర్గమునకు కొలత తలలతో. అందుచేతనే 1952, 1962, 1972, 2002 సంవత్సరముల చట్టముల ననుసరించి నాలుగు మారులు ఈ హద్దులు సవరింపబడినవి. స్థానముల సంఖ్యను 1976లో 42వ రాజ్యాంగ సవరణ కదలకుండ నిలిపినది. 2001లో 84వ సవరణ ఆ నిలుపుదలను 2026 తరువాత జరుగు మొదటి జనగణన వరకు పొడిగించినది. కనుక ఆ గణనలో మన తలలు సరిగా పడవలయును.

ఇచ్చటనే నా భయమున్నది. 2011లో ఇంటింటి గణన ఫిబ్రవరి 9 నుండి 28 వరకు జరిగెను. ఆ నెలలలోనే కోసిగి, పెద్దకడుబూరు మొదలగు చోట్లనుండి కుటుంబములకు కుటుంబములు ఇండ్లకు తాళము వేసి, మిరపకాయలు కోయుటకు గుంటూరు సీమకు సుగ్గికి పోవుచుండును. గణన దినములన్నియు ఇంట లేనివాడు తన ఊరి లెక్కలో పడడు. వాన లేక కడుపుకొరకు ఊరు విడిచినవాడు ఊరి బలమును కూడ తగ్గించి పోవుట ఎంతటి అన్యాయము!

యాజ్ఞవల్క్యస్మృతిలో సీమావివాద ప్రకరణమొకటి కలదు. పొలిమేర తగవు వచ్చినప్పుడు చుట్టుప్రక్కలవారిని, వృద్ధులను, పశువుల కాపరులను, సేద్యగాండ్రను అడిగి తేల్చవలయునని అందున్నది. భూమిని త్రొక్కినవానికే హద్దు తెలియునని ఆ పెద్దల భావము. నేటి చట్టమును ఆ మాటనే పాటించుచున్నది. హద్దుల ముసాయిదాను గెజిటులో ప్రకటించి, గడువు పెట్టి ఆక్షేపణలు కోరుదురు. బహిరంగ సమావేశములలో విందురు. తుది ఉత్తర్వు వెలువడిన పిమ్మట దానికి శాసనబలము వచ్చును. అటుపై మార్పించుట మిక్కిలి కష్టము.

కావున ఈ గ్రంథాలయమునకు రెండు పనులు విన్నవించుచున్నాను. మొదటిది, గణన తేదీలు ప్రకటితము కాగానే పలకమీద పెద్ద అక్షరములతో వ్రాసి, సుగ్గికి పోవువారికి ముందుగా చదివి వినిపింపవలయును. రెండవది, ముసాయిదా వచ్చిన దినముననే తెప్పించి, చదువురానివారిని కూడ కూర్చుండబెట్టి, మన ఊరు ఏ గీతలో పడినదో చూపవలయును. ఆక్షేపణయున్నచో అర్జీ వ్రాసిపెట్టుటకు నేను సిద్ధముగా నున్నాను.

ఇరువదియైదేండ్లుగా మీరు పుస్తకములు చదివిరి. ఇకమీదట ఒక పటమును చదువుడు. సెలవు.