సున్న పోతే హలో పోయింది

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను క్యాలిక్యులేటర్ వల్ల తిన్న దెబ్బల గురించి చెబుతాను.

1984లో మేం పదో తరగతి. మా బెంచీలో ఒకడి మేనమామ గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారం చేసేవారు. ఆయన క్యాలిక్యులేటర్‌ని వాడు ఓ రోజు పుస్తకాల సంచిలో వేసుకొచ్చాడు. 304 నొక్కి, తలకిందులు చేసి చూపించాడు. హెచ్, ఓ, ఈ. ‘‘హో అంటే పార రా!’’ అన్నాడు. సెలవు రోజుల్లో మా చేతుల్లో ఉండేది అదేగా.

ఆ తెర మీద ఏ అంకె అయినా ఏడు గీతల్లోంచే రావాలి. అందుకే తిప్పితే 3 ఈ అవుతుంది, 4 చిన్న హెచ్, 5 ఎస్, 7 ఎల్, 8 బి, 1 ఐ, 0 ఓ, 6గానీ 9గానీ జి. తెలుగు అక్షరాల కోసమూ వెతికాం. సున్న ఒక్కటే దొరికింది.

నా వంతు వచ్చింది. హలో రాయాలి. చివరి అక్షరం ముందు కొట్టాలి గనక 07734 నొక్కాను. తెర మీద 7734 మాత్రమే మిగిలింది. ముందున్న సున్నకు విలువ లేదుగా, మింగేసింది. తిప్పి చూస్తే హెల్! సరిగ్గా అప్పుడే లెక్కల మాస్టారు వెనక నిలబడి ఉన్నారు. ‘‘నరకం ఎవరికిరా, నాకా?’’ అని రెండు చేతుల మీదా బెత్తంతో వడ్డించారు. తర్వాత ఆయనే దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, మధ్యలో చుక్క పెట్టి 0.7734 నొక్కారు. సున్న నిలబడింది. ముందు కొట్టడం, తర్వాత చెప్పడం అప్పటి పద్ధతి.

ఇంజనీరింగ్‌లో ఇదే ఆటను ప్రోగ్రామ్‌గా రాశాను. ఎనిమిది అక్షరాలకు మించని ఇంగ్లీషు మాటలు తీసుకోవడం, పై అక్షరాలు కాక వేరేది ఉంటే వదిలేయడం, మిగిలినవాటిని వెనక నుంచి అంకెలుగా మార్చడం. పెద్ద పనేం కాదు. కానీ ‘ఓ’తో ముగిసే మాటలన్నీ చెడిపోయాయి. జవాబును సంఖ్యగా దాచాను, అక్షరాల వరుసగా దాచాల్సింది. దిద్దుకున్నాను, మర్చిపోయాను.

మర్చిపోయానని 1998లో తెలిసింది. ఉద్యోగంలో జీతాల ప్రోగ్రామ్ రాసింది నేనే. బ్యాంకు ఖాతా నంబర్లను సంఖ్యలుగా దాచాను. సున్నతో మొదలయ్యే ఖాతాలకు డబ్బు వెళ్లలేదు. సంక్రాంతి ముందు వారం అది. మా వాచ్‌మన్ మూడు రోజులు బ్యాంకు చుట్టూ తిరిగి, నాలుగో రోజు పాస్‌బుక్ నా ముందు పెట్టాడు. ‘‘బాబూ, ఇందులో మొదట సున్న ఉందండి. మీ కాగితంలో లేదండి.’’ ఆయన చదివింది అయిదో తరగతి. జీతం పండగ వెళ్లాక అందింది. ఆ ఏడు ఆయన పిల్లలకు కొత్త బట్టలు లేవు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, నేనే అడిగి తెలుసుకున్నాను.

ఖాతా నంబర్లను ఎవరూ కూడరు, తీసివేయరు. చూడ్డానికి అంకెలే గానీ, అది మనిషి పేరు లాంటిది. అప్పట్నుంచి నా దగ్గర చేరే కుర్రాళ్లకు మొదటి రోజు ఈ హలో లెక్కే ఇస్తున్నాను. ఎక్కువమంది హెల్ దగ్గరే ఆగుతారు. బెత్తం మాత్రం వాడను.

చివరగా ఒక పనిమాట. పొద్దున బల్ల దగ్గర మన సభ్యుల జాబితా చూశాను. 001, 002 అని ఉండాల్సిన తొలి సభ్యుల నంబర్లు ఉత్త 1, 2 అని అచ్చయ్యాయి. ఆ గడిని అక్షరాల గడిగా మార్చమని తమ్ముళ్లకు చెప్పాను. కార్డు తప్పుగా వచ్చిన పెద్దలు దయచేసి భోజనాలకు ముందే అక్కడికి వెళ్లి మార్పించుకోండి.