బిల్లు సున్నా అయితే చాలునా?

(రుద్రంగిలో రాత్రి బడికి వచ్చే అక్కలు, అన్నల ముందు చేసిన ప్రసంగం)



ఈ రోజు పాఠం పలక మీద లేదు. మీ చేతిలో ఉంది. అందరూ కరెంటు బిల్లు తెచ్చారు కదా. అందులో "యూనిట్లు" అనే మాట వెతకండి. పక్కనున్న అంకె చదవండి. పోయిన నెల మీ ఇంట్లో కాలిన కరెంటు అంతే.

"మా బిల్లు సున్నానే వస్తది. ఇంక లెక్క ఎందుకు టీచరమ్మా?" అని నిన్న ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడే తెల్లకార్డు ఇళ్లకు గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్నది. అంటే మన పైసలు సున్నా. కాలిన బొగ్గు సున్నా కాదు.

మన దేశంలో ఎక్కువ కరెంటు బొగ్గుతోనే తయారవుతుంది. మన దగ్గరి రామగుండంలోనూ అంతే. ఒక యూనిట్‌కు సుమారు ముప్పావు కిలో బొగ్గు కావాలె. నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి 75 కిలోలు! ఆ పొగలోని బొగ్గుపులుసు వాయువు భూమిని వేడెక్కిస్తుంది. ఎండలు ముదురుతాయి. వానలు అదను తప్పుతాయి. నష్టపోయేది ఎవరు? వానను నమ్ముకున్న మనమే.

అందుకే 2070 నాటికి "సున్నా లెక్క" సాధిస్తామని 2021లో గ్లాస్గో సభలో మన దేశం మాట ఇచ్చింది. ఊరికి సున్నా లెక్క అంటే ఏమిటి? కరెంటు పొదుపుగా వాడాలె. వాడినంత ఎండతోనో గాలితోనో తయారు చేసుకోవాలె.

ఇది అయ్యే పనేనా? గుజరాత్‌లో మొఢేరా ఊరు 2022లో ఎండ కరెంటు ఊరు అయింది. మన తెలంగాణలో నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లెలో 2025 నాటికి ఇళ్ల మీద సౌర ఫలకలు వచ్చాయి.

మనకు ఇంకో బలం ఉంది. అది సిరిసిల్ల సెస్. 1970లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన సహకార సంఘం. దేశంలో మొదట పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సంఘాల్లో ఇది ఒకటి. కరెంటు వాడేవాళ్లే సభ్యులు. 2022 డిసెంబరులో సభ్యులు ఓట్లేసి డైరెక్టర్లను ఎన్నుకున్నారు. అడిగే హక్కు సభ్యులది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలె?

మొదట లెక్క. ప్రతి ఇంటి యూనిట్లు, బడివి, వీధిదీపాలవి, బావి మోటార్లవి రాయాలె.

తర్వాత పొదుపు. 60 వాట్ల పాత బల్బు ఒక యూనిట్‌తో 16 గంటలు వెలుగుతుంది. అంతే వెలుతురిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు 110 గంటలు వెలుగుతుంది.

ఆ తర్వాతే ఫలకలు. ఒక కిలోవాట్ ఫలకలు మంచి ఎండలో రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తాయి. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడింటికి 78 వేల రూపాయల సబ్సిడీ పెట్టారు. మిగతా ఖర్చు మనదే.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్తాను. ఒకాయన వచ్చి "ఫలకలు ఉచితం, వేలిముద్ర వేయమ్మా" అన్నాడు. మా అమ్మ పోయినేడే అక్షరాలు నేర్చుకుంది. "ఆగు బిడ్డా, చదువుతా" అంది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. అది బ్యాంకు అప్పు కాగితం! అమ్మ వేలిముద్ర వేయలేదు. "ఎంత అప్పు, ఎన్నేండ్లు కట్టాలె?" అని అడిగింది. ఆయన మళ్లీ రాలేదు.

అప్పు చేయడం తప్పు కాదు. చదవకుండా చేయడం తప్పు.

వెయ్యి బీడీల్లో ఒక్క కట్ట తగ్గినా పట్టేసే అక్కలు మీరు. ఈ లెక్క మీకు ఒక లెక్కనా? రేపు ఒక్కొక్కరు పక్కన రెండిళ్ల యూనిట్లు రాసుకుని రండి. అన్నీ కూడుదాం. ఆ కాగితం పట్టుకుని గ్రామసభకు పోదాం.

సెలవు.