ఇంధన స్వరాజ్యము

(బంగారుపాళ్యములో చదువరుల సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



దేశమునకు ఇంధన భద్రత యెట్లు కలుగునను ప్రశ్న ఢిల్లీలోని మంత్రులకు సంబంధించినదని మనము తలచుచుందుము. మన తోటలో మోటారు నడిపిన ప్రతి దినమును ఆ ప్రశ్నకు మనమే ఒక ప్రత్యుత్తర మిచ్చుచున్నామని మనవి చేయుటకే నేనిచట నిలిచితిని.

మొదట దేశపు సంగతి. మనము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. 1973లో అరబ్బు దేశములు చమురును బిగబట్టగా, కొలది మాసములలోనే దాని వెల నాలుగింతలయ్యెను. 1990లో ఇరాకు కువైటు నాక్రమింపగా చమురు ప్రియమై, అదివరకే సన్నగిల్లిన మన విదేశమారక నిధి అడుగంటెను. 1991లో రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారమును లండనుకు పంపి కుదువ పెట్టవలసి వచ్చెను. స్వాతంత్ర్యము వచ్చి 44 ఏండ్లయిన జాతికి ఇంతకంటె తలవంపు కలదా?

అటుపిమ్మట విశాఖపట్టణమున కొండ తొలిచి, 13 లక్షల టన్నుల చమురు పట్టు గుహలు నిర్మించిరి. మంగుళూరు, పాదూరు నిలువలు కూడ చేర్చినచో 53 లక్షల టన్నులగును. అన్నియు నిండియున్నను దేశమునకు తొమ్మిది పది దినములే చాలును. నిలువ వలన గడువు దొరకును గాని స్వాతంత్ర్యము దొరకదు.

ఇక మన సంగతి. చిత్తూరు సీమకు జీవనది లేదు. కృష్ణా గోదావరి డెల్టాల రైతునకు ఆనకట్టలనుండి నీరు తనంత తానే పల్లమునకు పారి వచ్చును. మన రైతు అదే నీటిని భూగర్భమునుండి విద్యుత్తుతో లాగవలెను. కావున 2004 మే నెలలో ప్రభుత్వము వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ప్రకటించినపుడు అది భిక్ష కాదు, న్యాయము. అంతకు నాలుగేండ్ల క్రిందట, 2000 ఆగస్టు 28న, విద్యుత్ ఛార్జీల పెంపునకు వ్యతిరేకముగ హైదరాబాదు బషీర్‌బాగులో జరిగిన ఆందోళనపై కాల్పులు జరిగి ప్రాణములు పోయిన సంగతిని మరువరాదు.

కాని విద్యుత్తు నిచ్చిన విధానము నీటిని మరచినది. మన తాతలు కపిల తోలిన బావులలో నీరు 30 అడుగుల లోతున నుండెననుకొందము. నేడు 600 అడుగులకు దిగిన చోట, అదే నీటికి ఇరువదింతల శక్తి కావలెను. మోటారులో నష్టమేమియు లేదనుకొన్నను, వేయి లీటర్లు పైకి తెచ్చుటకు అర యూనిట్టు పట్టును. నష్టములతో కలిపిన ఇంకను హెచ్చు. రైతునకు బిల్లు రాకపోవచ్చును. కాని ఆ యూనిట్ల కొరకు ఎచ్చటనో బొగ్గు కాలుచున్నది, ఖజానా కరుగుచున్నది. పొరుగువాని బోరు మన బోరును, మన బోరు వానిదానిని ఎండబెట్టుచున్నవి. క్రొత్త బోరుకై చేసిన అప్పు మాత్రము ఉచితము కాదు.

సూర్యుడున్నాడు గదా యందురు. నిజమే. కర్నూలు జిల్లాలో 1000 మెగావాట్ల సౌరక్షేత్రము 2017లో పూర్తియై, రాయలసీమ యెండకు విలువ కట్టినది. పగటి సేద్యమునకు పగటి విద్యుత్తు చక్కగ నొప్పును. కాని సౌరఫలకముల సామగ్రికై చైనా వైపు చూచుచున్నంతకాలము ఒక సంకెల విడిచి వేరొకటి తొడిగికొన్నట్లే. మరియు, ఎండ ఎంత యున్నను, లేని నీటిని తోడజాలదు.

కావున నా మనవి యిది: చెరువు పూడిక తీయుట ఇంధన విధానమే. సప్లై కాలువ ఆక్రమణను తొలగించుట ఇంధన విధానమే. మామిడికి బిందుసేద్యము పెట్టుట, మోటారునకు కెపాసిటరు బిగించుట, కరెంటు రాగానే తనంత తాను తిరుగు ఆటో స్టార్టరును మానుట, ఇవియు ఇంధన విధానమే. ప్రభుత్వము ఉచిత విద్యుత్తుకై వెచ్చించు ధనములో కొంతయైన చెరువులకు కేటాయింపవలెనని మనము గట్టిగ కోరవలెను. కోరుటకు ముందు మన యూరి చెరువు కట్టపై మనమే పార పట్టవలెను.

నీటిమట్టము ఒక్క అడుగు పైకి లేచిన, దేశముపై నున్న భారము అంతమేరకు తగ్గును. స్వరాజ్యమును చరఖాలో చూపిన మహాత్ముని దేశమున, ఇంధన స్వరాజ్యమును చెరువులో చూచుట మనకు కష్టమా?