మీది ఏ ఊరమ్మా?

(జోనల్ కార్యాలయంలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరుసలో కూర్చున్న పిల్లలు భోజనాలు ఎప్పుడు పెడతారా అని చూస్తున్నారు.

"నాకు నచ్చిన ఆట" గురించి మాట్లాడమన్నారు. క్రికెట్ గురించి చెబుతాననుకుని ఉంటారు. నేను ఫిలిప్పీన్స్ ఫుట్‌బాల్ జట్టు అభిమానిని. నవ్వండి, ఫరవాలేదు. మా ఆవిడ 2012 నుంచి నవ్వుతూనే ఉంది.

ఆ సంవత్సరం మార్చిలో నేను భువనేశ్వర్‌లో ఉన్నాను. ఖాట్మండులో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ జరుగుతోంది. పేపర్లో స్కోరు చూశాను. ఫిలిప్పీన్స్ మనల్ని 2-0తో ఓడించింది. రెండు గోల్సూ ఒక్కడే కొట్టాడు. పేరు ఫిల్ యంగ్‌హజ్బెండ్. ఫిలిప్పీన్స్ వాడికి ఈ పేరేమిటి అనుకున్నాను. పేరుకీ చిరునామాకీ పొంతన లేకపోతే మనం ఊరుకోం కదా! కేవైసీ చేసే అలవాటు కొద్దీ వివరాలు తీశాను.

ఫిల్, అతని అన్న జేమ్స్ ఇంగ్లండ్‌లో పుట్టారు. తండ్రి ఇంగ్లీషువాడు, తల్లి ఫిలిప్పీన్స్ మహిళ. ఇద్దరూ చెల్సీ క్లబ్ కుర్రాళ్ళ జట్లలో ఆట నేర్చుకున్నారు. వీళ్ళు ఫిలిప్పీన్స్ తరఫున ఆడటానికి అర్హులని కంప్యూటర్ ఫుట్‌బాల్ గేమ్ ఆడే ఒక అభిమాని గమనించి అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్యకు తెలియజేశాడని చెబుతారు. ఆ ఫిల్ చివరికి దేశం తరఫున 52 గోల్స్ కొట్టాడు.

తర్వాత మిగతా జట్టు జాతకం కూడా తిరగేశాను. గోల్‌కీపర్ నీల్ ఎథరిడ్జ్ లండన్‌లో పుట్టాడు, తల్లిది ఫిలిప్పీన్స్. స్టెఫాన్ ష్రాక్ జర్మనీలో పుట్టాడు, అతని తల్లిదీ ఫిలిప్పీన్సే. వీళ్ళ పక్కనే ఎమిలియో కాలిగ్‌డాంగ్ ఉన్నాడు. ఇలోయిలో రాష్ట్రంలో బరోతాక్ న్వేవో అనే చిన్న ఊరివాడు, వైమానిక దళం ఉద్యోగి. ఆ ఊళ్ళో పిల్లలు నడక రాగానే బంతి తంతారట. ఒకడు లండన్ నుంచి, ఒకడు జర్మనీ నుంచి, ఒకడు పల్లెటూరి మైదానం నుంచి వచ్చి ఒకే జాతీయ గీతానికి నిలబడేవారు.

ఈ జట్టును "అజ్కాల్స్" అని పిలిచేవారు. వాళ్ళ భాషలో వీధికుక్కను "అస్కాల్" అంటారు, దాన్నుంచి వచ్చిన పేరు. జాతి ఏదో చెప్పలేం, దొరికింది తిని బతుకుతుంది, తరిమినా మళ్ళీ వస్తుంది. వేరెవరైనా అయితే తిట్టుగా తీసుకునేవారు. అభిమానులు మాత్రం గర్వంగా పెట్టుకున్నారు. 2024లో సమాఖ్య ఆ పేరును అధికారికంగా వదిలేసింది. నా నోట్లో ఇంకా అదే ఆడుతోంది.

వాళ్ళకు పేరు తెచ్చిన మ్యాచ్ 2010 డిసెంబరు 5న హనోయ్‌లో జరిగింది. ఆగ్నేయాసియా కప్పులో వియత్నాం అప్పటికి ఛాంపియన్. నిండు స్టేడియంలో, వాళ్ళ సొంత గడ్డ మీద, ఫిలిప్పీన్స్ 2-0తో గెలిచింది. క్రిస్ గ్రేట్‌విచ్ ఒకటి, ఫిల్ ఒకటి కొట్టారు. గోల్‌లో ఎథరిడ్జ్ గోడలా నిలబడ్డాడు. సెమీఫైనల్ వచ్చింది. రెండు అంచెల్లో ఒకటి సొంత దేశంలో ఆడాలి. కానీ నిబంధనలకు సరిపోయే స్టేడియం వాళ్ళకు లేదు. రెండు మ్యాచ్‌లూ ప్రత్యర్థి ఇండోనేషియా ఇంట్లో, జకార్తాలోనే ఆడి, రెండూ 0-1తో ఓడిపోయారు. ఆ జట్టు మీద నా అభిమానం అక్కడ గట్టిపడింది.

మన వృత్తి కళ్ళతో చూస్తే ఈ జట్టు ఇంకా బాగా అర్థమవుతుంది. కోనసీమలోనో కడపలోనో పనిచేసినవాళ్ళకు కువైట్ డబ్బు తెలుసు. కరీంనగర్, నిజామాబాద్ శాఖల్లో ఉన్నవాళ్ళకు దుబాయ్ డబ్బు తెలుసు. నెల మొదట్లో పాస్‌బుక్ పట్టుకుని వచ్చి "మా అమ్మాయి పంపింది పడిందా బాబూ?" అని అడిగే తల్లులను మనం చూశాం. ఫిలిప్పీన్స్ కూడా అలాంటి దేశమే. 1974లో వాళ్ళ కార్మిక చట్టం విదేశీ ఉపాధిని ఒక పద్ధతిగా నడపడం మొదలుపెట్టింది. నర్సులు, ఓడల్లో పనివాళ్ళు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు ప్రపంచమంతా వెళ్ళారు. విదేశాల నుంచి ఇంటికి డబ్బు వచ్చే దేశాల జాబితాలో మనం, వాళ్ళు ఇద్దరం పై వరుసలోనే ఉంటాం. బయటికి వెళ్ళినవాళ్ళలో కొందరు అక్కడే పెళ్ళి చేసుకున్నారు, పిల్లలు పుట్టారు. ఆ పిల్లల్లో కొందరు బంతి పట్టుకుని వెనక్కి వచ్చారు. వెళ్ళిన అమ్మలు ఎక్కడెక్కడ స్థిరపడ్డారో ఆటగాళ్ళ జాబితా చదివితే తెలుస్తుంది.

చట్టం కూడా దారి ఇచ్చింది. వాళ్ళ 1987 రాజ్యాంగం ప్రకారం తండ్రి గానీ తల్లి గానీ ఆ దేశ పౌరులైతే బిడ్డ పౌరుడే. 2003లో ద్వంద్వ పౌరసత్వ చట్టం కూడా వచ్చింది. మన దగ్గర అది లేదు. మన జట్టుకు ఆడాలంటే భారత పాస్‌పోర్టే ఉండాలి. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా అక్కడి పౌరసత్వం వదులుకున్నాకే 2013లో భారత్ తరఫున ఆడగలిగాడు.

అభిమానిని కాబట్టి అంతా బాగుందని చెప్పను. "వీళ్ళు అసలు మనవాళ్ళేనా?" అనే ప్రశ్న వాళ్ళ దేశంలోనూ ఉంది. బయట పెరిగినవాడికి మంచి మైదానం, మంచి కోచ్ దొరుకుతాయి. బరోతాక్ న్వేవో పిల్లవాడికి దొరకవు. తయారైన ఆటగాడు విమానం దిగుతుంటే ఊళ్ళో మైదానం బాగుచేయాలన్న తొందర తగ్గుతుంది. ఆ విమర్శలో న్యాయం ఉంది. 2019లో తొలిసారి ఆసియా కప్పుకు వెళ్ళి మూడు మ్యాచ్‌లూ ఓడారు. తర్వాతి కప్పుకు అర్హతే సాధించలేదు.

కానీ ఈ కలయిక కొత్తదేమీ కాదు. పౌలినో అల్కంతారా 1896లో ఇలోయిలోలో పుట్టాడు. తండ్రి స్పెయిన్ సైనికుడు, తల్లి స్థానికురాలు. పదిహేనేళ్ళకే, 1912లో, బార్సిలోనా క్లబ్‌కు ఆడాడు. స్నేహపూర్వక మ్యాచ్‌లు కలిపి 369 గోల్స్ కొట్టాడు. ఆ రికార్డును దాటడానికి 2014లో మెస్సీ రావాల్సి వచ్చింది. మధ్యలో మనీలాకు వచ్చి, 1917 దూరప్రాచ్య క్రీడల్లో ఫిలిప్పీన్స్ తరఫున ఆడాడు. జపాన్‌ను 15-2తో ఓడించిన జట్టులో అతనూ ఉన్నాడు. అతన్ని ఏ ఊరివాడనాలి? రెండు ఊళ్ళూ మావాడే అంటున్నాయి.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

2022 జనవరిలో మేం పుణెలో ఉన్నాం. మహిళల ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది. మన అమ్మాయిలు ఇరాన్‌తో ఒక్క మ్యాచ్ ఆడారు. తర్వాత జట్టులో చాలామందికి కోవిడ్ రావడంతో టోర్నీ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది. మా అమ్మాయి అప్పుడు ఏడో తరగతి, స్కూల్ జట్టులో ఆడేది. రెండు రోజులు ముఖం వేలాడేసుకుంది. "మన జట్టు లేకపోతే నా జట్టు ఉంది చూడు" అన్నాను. క్వార్టర్ ఫైనల్ మా ఊళ్ళోనే, బాలేవాడీ స్టేడియంలో. కోవిడ్ రోజులు కాబట్టి వెళ్ళే వీల్లేదు, ఇంట్లోనే చూశాం. చైనీస్ తైపీతో 1-1. పెనాల్టీలు. గోల్‌కీపర్ ఒలీవియా మెక్‌డేనియల్ బంతులు ఆపింది, తనే వచ్చి ఒక పెనాల్టీ కొట్టింది. చివరి కిక్ సరీనా బోల్డెన్‌ది. గోల్! 4-3. ఫిలిప్పీన్స్ మొదటిసారి ప్రపంచ కప్పుకు వెళ్ళింది, అది మన గడ్డ మీద ఖాయమైంది. మా అమ్మాయి సోఫా ఎక్కి గెంతింది.

2023 మేలో నాకు విశాఖకు బదిలీ అయింది. జూన్‌లో తణుకులో బంధువుల పెళ్ళి. ఒక పెద్దావిడ మా అమ్మాయి గడ్డం పట్టుకుని "మీది ఏ ఊరమ్మా?" అని ఆప్యాయంగా అడిగారు.

"పుట్టింది భువనేశ్వర్ అండీ, చదివింది పుణె, ఇప్పుడు వైజాగ్."

"అది కాదమ్మా, మీది ఏ ఊరు?"

అది నా వైపు చూసింది. "తణుకే పిన్నీ" అన్నాను నేను. కాసేపటికి అది వాళ్ళమ్మతో "నాకు ఆకలి లగుతోంది" అంది. పక్కనున్న పిల్లలు పట్టుకున్నారు. "లగుతోందట, లగుతోందట" అని పెళ్ళయ్యేదాకా అనుకరించారు. పెద్దవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

కారులో అడిగింది: "నాన్నా, తణుకులో నేను మొత్తం ఎన్ని రోజులున్నాను?"

లెక్క వేస్తే నలభై కూడా రాలేదు.

ఆ తర్వాత బయట తెలుగు మాట్లాడటం మానేసింది. కొత్త స్కూల్లో "నార్త్ పిల్ల" అన్నారట. పుణెలో "సౌత్ పిల్ల" అనేవారు. బంతి ఆట వద్దంది. బూట్లు అటక ఎక్కాయి. రేపు కాలేజీలో చేర్చడానికి వెళితే అక్కడ "నాన్‌లోకల్" అనే మాట ఎలాగూ ఉంటుంది. మనలో చాలామంది ఆ కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్ళమే.

జులై 25, మంగళవారం. వెల్లింగ్టన్‌లో ఫిలిప్పీన్స్, న్యూజిలాండ్ మ్యాచ్. మనకు ఉదయం పదకొండు గంటలు, కౌంటర్ల ముందు జనం. భోజనం వేళ స్కోరు చూశాను, 1-0. ప్రపంచ కప్పులో వాళ్ళ మొదటి గోల్, మొదటి విజయం. సాయంత్రం అమ్మాయిని బతిమాలి పక్కన కూర్చోబెట్టుకుని ముఖ్య ఘట్టాలు చూపించాను. నార్వేలో పుట్టిన సారా ఎగ్గెస్విక్ బంతి పైకి పంపింది. కాలిఫోర్నియాలో పుట్టిన బోల్డెన్ తలతో కొట్టింది. ఆట ముగిసే క్షణాల్లో మెక్‌డేనియల్ ఎగిరి ఆపింది. న్యూజిలాండ్‌కు వలస వెళ్ళిన ఫిలిప్పీన్స్ కుటుంబాలు స్టేడియంలో జెండాలు ఊపుతూ ఏడుస్తున్నాయి.

మా అమ్మాయి అడిగింది: "వీళ్ళకి ఆ భాష బాగా వచ్చా నాన్నా?"

"ఆ రోజు అక్కడ ఎవరూ అడగలేదమ్మా" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు కూడా నవ్వావు, పెళ్ళిలో" అంది.

మన బ్యాంకులో ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు చాలా మెమోలు వచ్చాయి. అన్నిటికీ జవాబు రాశాను. దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. "తప్పే" అన్నాను.

వారం తర్వాత అటక మీంచి బూట్లు తనే దించుకుంది. సైజు సరిపోలేదు. కొత్తవి కొన్నాం. జట్టులో ఎడమ వైపు ఆడుతోంది. ఇప్పటికీ "లగుతోంది" అంటుంది. మా ఇంట్లో అందరం అంటున్నాం, మా అమ్మతో సహా.

ఫిలిప్పీన్స్ ఆ ప్రపంచ కప్పులో తర్వాతి మ్యాచ్ నార్వే చేతిలో 0-6తో ఓడి ఇంటిదారి పట్టింది. ఆ ఒక్క విజయం చాలు వాళ్ళకు, నాకూ.

మన పిల్లలు బదిలీ ఉత్తర్వులతో పెరిగినవాళ్ళు. ఏ ఊళ్ళో పుట్టాలో, ఏ భాషలో ఎక్కాలు నేర్చుకోవాలో మన సంస్థ నిర్ణయించింది. వాళ్ళను అడగలేదు. అందుకే మీకు నా విన్నపం ఒక్కటే. ఈసారి సెలవులకు పరాయి రాష్ట్రం నుంచి పిల్లలు వచ్చి తప్పుల తెలుగులో పలకరిస్తే నవ్వకండి. ఆటలోకి పిలవండి. ఏ ఊరని అడగాలనిపిస్తే, ఏ స్థానంలో ఆడతావని అడగండి.

వెనక వరుస వాళ్ళకు ఆకలి లగుతున్నట్టుంది.